దాచుకోవడానికి ఏముంది అనే వాళ్ల కోసం

"మనమేం గునా చేశామని భయపడాలి? చూస్తే చూసుకోనీ." ఫోన్ల సంగతి, ఇంటర్నెట్ సంగతి, ప్రైవసీ సంగతి ఎత్తితే చాలు, మన ఇళ్లలో వచ్చే మొదటి జవాబ్ ఇదే. కర్నూలులో మా అమ్మీ ఇదే అంటుంది. ఇక్కడ మెల్‌బోర్న్‌లో జుమా నమాజ్ తర్వాత మసీదు బయట నిలబడి మాట్లాడుకునే పెద్దమనుషులూ ఇదే అంటారు. దావతుల్లో ఆడవాళ్ల గదిలో కూర్చున్నా ఇదే మాట. వినడానికి ఎంతో షరాఫత్ ఉన్న మాట. కానీ పదిహేడేళ్లుగా ఆస్ట్రేలియాలో ఉంటున్న నాకు ఈ మాట మీద భరోసా లేదు. ఎందుకు లేదో ఈసారి కాస్త తఫ్సీలుగా రాస్తాను. ఓపికతో చదవండి.

మొదట ఒక డాక్టర్ సాబ్ కిస్సా. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. కొత్త తరం పిల్లలకి అసలు తెలియదు.

2007 జూన్ 30న స్కాట్లాండ్‌లోని గ్లాస్గో ఎయిర్‌పోర్ట్ మీద మంటలు రేగుతున్న జీపుతో దాడి జరిగింది. నడిపినవాడు బెంగళూరువాడు, కఫీల్ అహ్మద్. రెండు రోజుల తర్వాత, జూలై 2న, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ ఎయిర్‌పోర్ట్‌లో డాక్టర్ మొహమ్మద్ హనీఫ్‌ని పోలీసులు పట్టుకున్నారు. 27 ఏళ్ల మనిషి. గోల్డ్ కోస్ట్ ఆస్పత్రిలో నౌకరీ. బెంగళూరులో భార్యకి అప్పుడే ఆపరేషన్ చేసి ఆడబిడ్డ పుట్టింది. ఆ బిడ్డని చూడడానికి బయలుదేరాడు.

ఆయన కసూర్ ఏమిటి? ఒక సిమ్ కార్డు. 2006లో బ్రిటన్ వదిలి వచ్చేటప్పుడు తన సిమ్‌ని వాడుకోమని దూరపు చుట్టం సబీల్‌కి ఇచ్చి వచ్చాడు. ఆ సబీల్ కఫీల్ తమ్ముడు. అంతే. మన ఖాన్‌దాన్లలో ఊరు వదిలి వెళ్లేవాడు కుక్కరు, దుప్పటి, సిమ్ కార్డు, సైకిలు, ఉన్నవన్నీ వెనక ఉండే చుట్టాలకి ఇచ్చి వెళ్లడం కొత్తా? గల్ఫ్ నుంచి తిరిగొచ్చే ప్రతివాడూ చేసే పనే కదా.

12 రోజులు ఏ చార్జీ లేకుండా లోపల ఉంచారు. ఆ తర్వాత టెర్రరిస్టు సంస్థకి మదద్ చేశాడని ఇల్జామ్ పెట్టారు. ఆ సిమ్ గ్లాస్గోలో కాలిపోయిన జీపులో దొరికిందని కోర్టులో చెప్పారు. తీరా చూస్తే అది ఆ జీపులో లేనే లేదు, అక్కడికి ఎన్నో మైళ్ల దూరంలో లివర్‌పూల్‌లో సబీల్ దగ్గర దొరికింది. జూలై 16న మేజిస్ట్రేటు బెయిల్ ఇచ్చారు. అదే రోజు ఇమిగ్రేషన్ మంత్రి కెవిన్ ఆండ్రూస్ ఆయన వీసా రద్దు చేశారు. అనుమానితులతో సంబంధం ఉంది కాబట్టి నడవడిక మంచిది కాదని కారణం చెప్పారు. జూలై 27న కేసే ఎత్తేశారు. అయినా ఆ మంత్రి ఊరుకోలేదు. హనీఫ్ తన సోదరుడితో ఇంటర్నెట్‌లో చేసిన చాట్ లోంచి కొన్ని ముక్కలు ఏరి పత్రికల ముందు పెట్టి, చూడండి, ఇది శక్ పడాల్సిన మాట కాదా అన్నారు.

ఆగస్టులో ఫెడరల్ కోర్టు వీసా రద్దు చెల్లదని తేల్చింది. అనుమానితులతో పరిచయం ఉండడమే నేరమైతే, లాయరుగా అలాంటి వాళ్ల తరఫున వాదించిన తానూ ఆ పరీక్ష నెగ్గలేనని ఆ కేసు విన్న జడ్జి సాబ్ విచారణలో చమత్కరించారు. తర్వాత హుకూమత్ మారింది, క్లార్క్ కమిషన్ వేశారు. 2008 చివర్లో రిపోర్టు వచ్చింది. హనీఫ్ బేకసూర్ అని ఖరారైంది. 2010లో ముఆవజా కూడా ఇచ్చారు. అల్‌హమ్దులిల్లాహ్, ఇన్సాఫ్ జరిగింది. ఈ దేశం గురించి మంచి కూడా చెప్పాలి కదా, తన పోలీసుల గలతీని తన కోర్టులే బయటపెట్టాయి. ఆయన పక్షాన నిలబడ్డ లాయర్లు, పత్రికల వాళ్లు ముసల్మాన్లు కారు.

అయితే ఒక్క సవాల్. హనీఫ్ దగ్గర దాచుకోవడానికి ఏముంది? ఏమీ లేదు. పోలీసులు పట్టుకోకముందే తనంతట తానే బ్రిటన్ పోలీసు అధికారికి ఫోన్ కలపడానికి ప్రయత్నించాడు. ఆయన గునా చేశాడని కాదు పట్టుకున్నది. ఆయన పేరు, ఒక సిమ్ నంబరు, ఒక రిష్తా, ఒక టికెట్ పక్కపక్కన పెడితే ఒక కహానీ తయారైంది. ఆ కహానీ ఆయన రాసింది కాదు. ప్రైవసీ అంటే నాకు అర్థమైంది అక్కడే. తప్పును దాచుకునే చోటు అనుకుంటాం గానీ, నిజానికి అది మన జీవితంలోని ముక్కల్ని ఇంకొకరు తమ ఇష్టం వచ్చినట్టు కుట్టకుండా కాపాడేది.

ఆ మరుసటి ఏడే నా రిష్తా కుదిరింది. అబ్బాయి ఆస్ట్రేలియాలో అనగానే మా చాచా మొదట అడిగింది జీతం కాదు. "ఆ డాక్టర్‌ని పట్టుకున్న దేశమే కదా?" అని. అబ్బా నవ్వేసి, "వదిలింది కూడా ఆ దేశమే" అన్నారు. ఆ రెండు మాటలూ సచ్చే. ఇన్నేళ్లూ ఆ రెండింటి మధ్యే బతుకుతున్నాను.

ఇప్పుడు ఖానూన్ల సంగతి.

2015లో ఆస్ట్రేలియా పార్లమెంటు ఒక ఖానూన్ తెచ్చింది. ఫోన్ కంపెనీలు, ఇంటర్నెట్ కంపెనీలు ప్రతి కస్టమర్ మెటాడేటాని 2 సంవత్సరాలు దాచి ఉంచాలి. మెటాడేటా అంటే మాటలు కావు. ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు, ఏ టవరు దగ్గర్నుంచి అనే లెక్క. పోలీసులు, నిఘా సంస్థలు కలిపి దాదాపు ఇరవై సంస్థలకి ఈ లెక్క అడిగే అధికారం ఉంది. దానికి జడ్జి దగ్గర వారంటు తెచ్చుకోనక్కర్లేదు. పత్రికల వాళ్ల ఖబర్ ఎక్కడిదో కనుక్కోవడానికి మాత్రం వారంటు కావాలని మినహాయింపు పెట్టారు.

"మాటలు వినరు కదా, లెక్కే కదా" అంటారు. ఒక్కసారి ఆలోచించండి. రాత్రి రెండింటికి ఒక ఇంటికి కర్నూలు నుంచి ఫోన్ వచ్చింది. నాలుగు నిమిషాలు. వెంటనే ఆ ఇంటి నుంచి టికెట్ల ఏజెంటుకి ఒక ఫోన్. తెల్లారి ఆఫీసుకి ఒకటి, మసీదుకి ఒకటి. ఒక్క మాట వినకుండానే ఆ ఇంట్లో మౌత్ ఖబర్ వచ్చిందని మీకు తెలిసిపోలేదా? ఒక అమ్మాయి లేడీ డాక్టరుకి, తర్వాత ల్యాబుకి, తర్వాత వాళ్ల అమ్మీకి ఫోన్ చేస్తే? భార్యాభర్తల్లో ఒకరు మూడు రోజులు వరసగా ఖాజీ సాబ్‌కి చేస్తే? మాటలు అబద్ధం చెప్పగలవు. ఈ లెక్క చెప్పదు. అందుకే దానికి అంత గిరాకీ.

2018లో ఇంకో అడుగు వేశారు. ఇది ఎన్‌క్రిప్షన్ మీద. వాట్సాప్‌లో మనం పంపే మెసేజ్ మన ఫోన్‌లో తాళం పడి, అవతలి వాళ్ల ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. మధ్యలో కంపెనీకి కూడా తాళంచెవి ఉండదు. ఇది మాయ కాదు, గణితం. అంతకు ముందు సంవత్సరం ప్రధాని మాల్కం టర్న్‌బుల్‌ని విలేకరులు ఇదే అడిగారు, గణిత సూత్రాలు ఒప్పుకోవు కదా అని. గణిత సూత్రాలు మెచ్చుకోదగ్గవే గానీ ఆస్ట్రేలియాలో చెల్లేది ఆస్ట్రేలియా చట్టమే అని ఆయన జవాబిచ్చారు. ప్రపంచమంతా నవ్వింది. కానీ 2018 డిసెంబర్ 6న, క్రిస్మస్ సెలవులకి ముందు ఆఖరి రోజున, ఆ ఖానూన్ పాసైంది. అపోజిషన్ లేబర్ పార్టీ అభ్యంతరాలు చెబుతూనే ఓటేసింది.

దాని ప్రకారం పోలీసులు, నిఘా సంస్థలు టెక్నాలజీ కంపెనీలని మదద్ చేయమని అడగొచ్చు, హుకుం ఇవ్వొచ్చు, కొత్త దారి తయారు చేయమని కూడా చెప్పొచ్చు. అలాంటి హుకుం వచ్చిందని బయటకి చెబితే ఐదేళ్ల దాకా జైలు. అందరినీ దెబ్బతీసే బలహీనత పెట్టమని అడగకూడదని ఒక షరతు ఉంది, నిజమే. కానీ ఒకరి కోసం గోడకి కన్నం పెడితే ఆ కన్నంలోంచి ఆ ఒక్కరే వస్తారని హామీ ఎవరిస్తారు? ఇంజినీర్లు మొదట్నుంచీ అడుగుతున్నది ఇదే.

ఈ ఖానూన్లు టెర్రరిస్టుల కోసం, పిల్లల్ని పాడుచేసే జాలిమ్‌ల కోసం అంటారు. ఆ అవసరం లేదని నేను అనను. పిల్లలున్న తల్లిని. కానీ అధికారం ఒకసారి చేతికొచ్చాక ఎటు తిరుగుతుందో చూడండి. 2019 జూన్‌లో రెండు రోజుల్లో రెండు సోదాలు జరిగాయి. ఒకటి ఒక మహిళా జర్నలిస్టు అనికా స్మెథర్స్ట్ ఇంట్లో. రెండోది సిడ్నీలో ఏబీసీ ఆఫీసులో. మొదటామె రాసింది ఏమిటి? విదేశాల మీద నిఘా వేసే సంస్థకి స్వదేశీ పౌరుల మీద కూడా నిఘా వేసే అధికారం ఇవ్వాలన్న ఆలోచన నడుస్తోందని. రెండో వాళ్లు రాసింది అఫ్గానిస్తాన్‌లో ఆస్ట్రేలియా ఫౌజు చేతుల్లో బేగునా మనుషులు చనిపోయారన్న ఫైళ్ల గురించి. స్మెథర్స్ట్ ఇంటి వారంటు చెల్లదని మరుసటి ఏడు హైకోర్టు తేల్చింది. హైకోర్టంటే ఇక్కడ అన్నిటికన్నా పైకోర్టు, మన సుప్రీంకోర్టు లాంటిది.

ఇక సియాసత్ దగ్గరికి వద్దాం. ఆస్ట్రేలియా ఒంటరి దేశం కాదు. అమెరికా, బ్రిటన్, కెనడా, న్యూజిలాండ్‌తో కలిసి 'ఫైవ్ ఐస్' అనే జట్టులో ఉంది. ఐదు కళ్లు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1946లో అమెరికా, బ్రిటన్ రాసుకున్న ఒప్పందం దీనికి బునియాద్. ఒకరు విన్నది ఐదుగురికీ అందుతుంది. ఈ దేశం నడిమధ్య ఎర్రమట్టి ఎడారిలో, ఆలిస్ స్ప్రింగ్స్ ఊరి దగ్గర, పైన్ గ్యాప్ అని ఒక కేంద్రం ఉంది. తెల్లటి పెద్ద పెద్ద గుండ్రటి గుమ్మటాలు. దూరం నుంచి ఫోటోలో చూస్తే ఏదో దర్గా సముదాయం అనిపిస్తుంది. అమెరికా, ఆస్ట్రేలియా కలిసి నడిపే ఈ కేంద్రం 1970 నుంచి పనిచేస్తోంది. ఆకాశంలో ఉపగ్రహాలు పట్టిన సంకేతాలు అక్కడికి దిగుతాయి.

2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన కాగితాల్లో ఆస్ట్రేలియా గురించి ఒక ముక్క ఉంది. 2009లో ఇండోనేసియా ప్రెసిడెంట్ యుధొయోనో ఫోన్ మీద ఆస్ట్రేలియా నిఘా పెట్టిందని. ఆయన ఒక్కడిదే కాదు, ఆయన బేగమ్ సాహెబా ఫోన్ మీద కూడా. ఇండోనేసియా ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ ముసల్మాన్లున్న దేశం, ఆస్ట్రేలియాకి పక్కిల్లు. దోస్తీ ఉన్న దేశం. వాళ్లు తమ రాయబారిని వెనక్కి పిలిపించుకున్నారు. అప్పటి ప్రధాని టోనీ అబాట్ మాఫీ అడగలేదు. ప్రతి దేశమూ చేసే పనే అన్న ధోరణిలో మాట్లాడారు.

నాకు ప్రెసిడెంట్ ఫోన్ కన్నా ఆ బేగమ్ ఫోన్ సంగతే ఎక్కువ రోజులు మనసులో ఉండిపోయింది. ఆవిడ కోడళ్లతో, అక్కచెల్లెళ్లతో ఏం మాట్లాడుకుందో, ఎవరి బరువు పెరిగిందని నవ్వుకుందో, అదంతా ఒక దేశపు ఫైల్లో చేరాల్సిన సంగతా?

అదే ఆస్ట్రేలియా 2018 ఆగస్టులో చైనా కంపెనీ హువావేని 5జీ నెట్‌వర్క్‌లోకి రానివ్వలేదు. ప్రపంచంలో ఇంత గట్టిగా మొదట అడ్డుపడిన దేశాల్లో ఇదొకటి. చైనా హుకూమత్ అడిగితే ఆ కంపెనీ కాదనలేదన్నది ఫికర్. 2023లో సర్కారీ ఫోన్లలో టిక్‌టాక్ వద్దన్నారు. ఆ భయం వట్టిది అని నేను అనను. ఒక దేశం తన కంపెనీని ఇతరుల మాటలు వినడానికి వాడుకోగలదు అన్నది నిజం. కానీ ఆ నిజం చైనాకి మాత్రమే వర్తిస్తుందా? చట్టంతో కంపెనీ చేత పని చేయించుకోవడం, ఆ సంగతి బయటకి చెప్పకూడదనడం, పైన నేను రాసిన 2018 ఖానూన్‌లో ఉన్నది కూడా అదే కదా. ఆ రెండూ ఒకే సంవత్సరంలో, నాలుగు నెలల తేడాలో జరిగాయి.

న్యాయంగా ఇంకో వైపు కూడా రాయాలి. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్‌లో జుమా రోజు రెండు మసీదుల్లో 51 మంది షహీద్ అయ్యారు. చంపినవాడు ఆస్ట్రేలియావాడు. చంపుతూ ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టాడు. ఆ వారం ఇక్కడి మసీదుల బయట పోలీసు కార్లు నిలబడితే మాకు ధైర్యం వచ్చింది. ఇంటర్నెట్‌ని ఎవరూ చూడకూడదని ఆ రోజు మాలో ఎవరూ అనలేదు. ఎందుకు చూడలేదు అని అడిగాం. ఆ తర్వాత న్యూజిలాండ్ రాయల్ కమిషన్ తేల్చింది ఏమిటంటే, నిఘా సంస్థలు తమ బలాన్ని ఇస్లాం పేరుతో జరిగే తీవ్రవాదం వైపే సరైన ఆధారం లేకుండా పెట్టాయని. అటు కూడా చూసి ఉంటే ఇతన్ని తప్పకుండా పట్టుకునేవాళ్లని మాత్రం కమిషన్ అనలేదు. అది కూడా చెప్పాలి. ఐదు కళ్లు ఉన్నా చూపు ఒక వైపే ఉంటే, ఎవరిని చూస్తున్నారో వాళ్లకీ నష్టమే, ఎవరిని కాపాడాలో వాళ్లకీ నష్టమే. రెండు చోట్లా ఉన్నది మనమే.

హుకూమత్ ఒక్కటే కాదు, బాజారు కూడా ఉంది. 2020 నవంబర్‌లో ఒక ఖబర్ బయటపడింది. 'ముస్లిం ప్రో' తెలియని ఇల్లు ఉందా? నమాజ్ వఖ్తులు, ఖిబ్లా దిశ చూపే యాప్. దాన్ని వాడేవాళ్ల లొకేషన్ సమాచారం ఎక్స్-మోడ్ అనే వ్యాపార సంస్థకి చేరుతోందని, ఆ సంస్థ అమెరికా ఫౌజుతో పనిచేసే కాంట్రాక్టర్లకి సమాచారం అమ్ముతుందని అమెరికా పత్రిక ఒకటి రాసింది. యాప్ వాళ్లు వెంటనే ఆ సంస్థతో తెగతెంపులు చేసుకున్నామన్నారు. ఖిబ్లా ఎటు ఉందో చెప్పడానికి మనం ఎక్కడ ఉన్నామో యాప్‌కి తెలియాలి, అది సరే. ఆ 'ఎక్కడ' అనేది మనం దానికిచ్చిన అమానత్. అమానత్‌ని అమ్ముకోవడాన్ని మన దీన్‌లో ఏమంటారో నేను చెప్పనక్కర్లేదు.

పోగేసిన సమాచారం అమ్మకపోయినా దొంగలు రావొచ్చు. 2022 సెప్టెంబర్‌లో ఆప్టస్ ఫోన్ కంపెనీ నుంచి 98 లక్షల మంది దాకా కస్టమర్ల వివరాలు దొంగల చేతికి పోయాయి. కొందరి పాస్‌పోర్టు, లైసెన్సు నంబర్లతో సహా. వచ్చే నెలలోనే మెడిబ్యాంక్ అనే ఆరోగ్య బీమా కంపెనీ వంతు, 97 లక్షల మంది. కంపెనీ డబ్బు ఇవ్వనంటే ఆ దొంగలు రోగుల వివరాలు ఇంటర్నెట్ చీకటి మూలల్లో పెట్టేశారు. ఎవరికి గర్భం పోయిందో, ఎవరు మత్తు అలవాటుకి చికిత్స తీసుకున్నారో. అప్పటికి మొత్తం దేశ జనాభా రెండు కోట్ల అరవై లక్షలు. అందులో ఎంతమంది ఇజ్జత్ బాజారులో పడిందో లెక్కేసుకోండి. ఇదీ "దాచుకోవడానికి ఏముంది" అన్నదానికి ఇంకో జవాబ్. గర్భం పోవడం గునా కాదు. కానీ అది అందరికీ తెలియాల్సిన సంగతి కాదు. హయా అంటే ఇదే కదా.

ఆ దెబ్బతో జుర్మానా 5 కోట్ల డాలర్ల దాకా పెంచారు. ఎవరైనా మన ఆంతరంగిక జీవితంలోకి ఘోరంగా చొరబడితే నేరుగా కోర్టుకి వెళ్లే హక్కు 2025 జూన్ నుంచి వచ్చింది. అంతకు ముందు అది కూడా సరిగా లేదు. ఆస్ట్రేలియా రాజ్యాంగంలో ప్రాథమిక హక్కుల జాబితా లేదు. ఇది చాలామందికి తెలియదు. మన భారతదేశంలో 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జిలు ఒకే గొంతుతో ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నారు. కాగితం మీద కర్నూలులో ఉన్న మా అమ్మీకి ఉన్న రాజ్యాంగ హక్కు మెల్‌బోర్న్‌లో ఉన్న నాకు లేదు.

కాగితం దాటి చూస్తే మాత్రం కథ వేరు. 1985లో ఆస్ట్రేలియా హుకూమత్ అందరికీ ఒకే గుర్తింపు కార్డు తేవాలనుకుంది. 'ఆస్ట్రేలియా కార్డు' అన్నారు. మొదట్లో జనం ఔనన్నవాళ్లే తర్వాత భగ్గుమన్నారు. వీధుల్లోకి వచ్చారు. ఎన్నిక గెలిచిన హుకూమత్ కూడా దాన్ని వదిలేసుకుంది. మన దగ్గర ఆధార్ వచ్చింది. రేషన్ దుకాణం నుంచి సిమ్ దుకాణం దాకా జిరాక్సు కాగితాలు ఇస్తూనే ఉన్నాం. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది గానీ అందులో సర్కారు తన సంస్థలకి తానే మినహాయింపు ఇచ్చుకోవచ్చు. హైదరాబాదులో లాక్‌డౌన్ రోజుల్లో రోడ్డు మీద ఆపి ముఖం ఫోటో తీశారని ఒక సామాజిక కార్యకర్త తెలంగాణ హైకోర్టుకి వెళ్లారు. ముఖాలు గుర్తుపట్టే టెక్నాలజీని ఏ చట్టం కింద వాడుతున్నారని అడిగారు. ఆ ఒక్క సవాల్ అడగడానికి ఎంత హిమ్మత్ కావాలో పాతబస్తీ గల్లీల్లో తిరిగినవాళ్లకి తెలుసు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. 2025 డిసెంబర్ 10 నుంచి ఆస్ట్రేలియాలో 16 ఏళ్ల లోపు పిల్లలకి సోషల్ మీడియా అకౌంట్లు ఉండకూడదు. ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్, యూట్యూబ్ అన్నీ. పిల్లల మీద, తల్లిదండ్రుల మీద జుర్మానా లేదు, ఆపని కంపెనీల మీద 4 కోట్ల 95 లక్షల డాలర్ల దాకా ఉంది. ప్రపంచమంతా ఈ దేశం వైపు చూస్తోంది. మా దావతుల్లో ఆ వారమంతా అమ్మీలందరి ముఖాల్లో ఈద్. నాకూ సుకూన్ గానే ఉంది. కానీ పిల్లలు ఎవరో తేల్చాలంటే పెద్దలు కూడా పెద్దలమని రుజువు చేసుకోవాలి. కెమెరా ముందు ముఖం తిప్పి చూపిస్తే మెషీన్ వయసు అంచనా వేస్తుంది. సర్కారీ గుర్తింపు కార్డు ఒక్కటే అడగకూడదు, ఇంకో దారి కూడా ఇవ్వాలని ఖానూన్‌లో రాశారు, అది మంచిదే. నిఖాబ్ వేసుకునే నా స్నేహితురాలు ఒకామె, "పార్కులో చూపించని ముఖం ఏ కంపెనీకో ఎందుకు చూపించాలి?" అని అకౌంట్లే మూసేసింది. ఆమె ఎంపిక ఆమెది. కానీ ఆ సవాల్ తప్పు కాదు.

మా అమ్మాయికి 14. అకౌంట్ పోయిందని రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు రాత్రి ఇషా తర్వాత నా పక్కన కూర్చుని అడిగింది. "అమ్మీ, హుకూమత్ మన ఫోన్లు చూడకూడదని నువ్వు అంటావు కదా. మరి నా ఫోన్ నువ్వు చూడొచ్చా? మదర్సాలో ఆపా తజస్సుస్ హరామ్ అని చెప్పింది."

మా ఆయన నవ్వు ఆపుకుంటూ, "జవాబ్ చెప్పు ఇప్పుడు" అని లోపలికి వెళ్లిపోయారు.

సూరా హుజురాత్‌లో ఒకరి లోపాలు వెతుకుతూ గూఢచర్యం చేయొద్దని ఉంది. సూరా నూర్‌లో ఇతరుల ఇళ్లలోకి ఇజాజత్ లేకుండా, సలామ్ చెప్పకుండా వెళ్లొద్దని ఉంది. హజ్రత్ ఉమర్ రజి. గురించి బయానుల్లో చెప్పే ఒక రివాయత్ మీకూ తెలిసే ఉంటుంది. ఖలీఫాగా రాత్రి మదీనా వీధుల్లో తిరుగుతుంటే ఒక ఇంట్లోంచి పాట వినిపించింది. గోడ దూకి చూస్తే లోపల ఒకడు షరాబ్ తాగుతున్నాడు. గద్దించారు. వాడు, నేను ఒక గునా చేశాను, మీరు మూడు చేశారు అన్నాడట. నిఘా వేశారు, తలుపు వదిలి గోడ దూకారు, ఇజాజత్ అడగలేదు. ఖలీఫా వెనుదిరిగారట. పాలకుడికి కూడా తలుపు తట్టే బాధ్యత ఉందన్నది ఆ కిస్సా సారం. ఆస్ట్రేలియాలో వారంటు అనేదాని అర్థం కూడా అంతే. తలుపు తట్టి రా అని.

అమ్మాయికి నేను చెప్పింది ఇది. "బేటా, తర్బియత్ వేరు, తజస్సుస్ వేరు. నీకు తెలిసేలా, నీ ముందు కూర్చుని చూస్తే అది నా జిమ్మేదారీ. నువ్వు నిద్రపోయాక దొంగచాటుగా చూస్తే అది తజస్సుస్." అది కాసేపు ఆలోచించి, "మరి రాసిద్దాం" అంది. కాగితం మీద రాసుకున్నాం. ఫోన్ రాత్రి హాల్లోనే ఉండాలి. నేను చూడాలనుకుంటే అడిగి, తన ముందే చూస్తాను. స్నేహితురాళ్లు తనకి చెప్పుకున్న రాజ్ నేను చదవను, ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చే మాట అయితే తానే నాకు చెప్పాలి. వాళ్ల నాన్న కూడా సంతకం పెట్టారు. ఫ్రిజ్ మీద అంటించి ఉంది. ఇప్పటిదాకా నడుస్తోంది.

ఆ కాగితంలో ఉన్న మూడు సంగతులే నేను హుకూమత్‌ల దగ్గర్నుంచి, కంపెనీల దగ్గర్నుంచి కోరుకునేది కూడా. అడిగి చూడు. నాకు తెలిసేలా చూడు. అవసరమైనంతే చూడు.

మరి మనం ఏం చేయాలి? ఫోన్‌లో ఏ యాప్‌కి లొకేషన్ ఇజాజత్ ఇచ్చామో ఒకసారి కూర్చుని చూడండి, నమాజ్ యాప్‌తో సహా. ఊరి పేరు చేత్తో రాసినా వఖ్తులు వస్తాయి. ఆధార్, పాస్‌పోర్టు ఫోటోలు ఖాన్‌దాన్ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. నంబరు దాచి చూపే మాస్క్‌డ్ ఆధార్ ఉంది, అది ఇవ్వండి. విదేశం వదిలి వచ్చేటప్పుడు సిమ్ ఎవరికీ ఇవ్వకండి, కనెక్షన్ మూయించి రండి. ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లకి ఇంకో మాట. ఇలాంటి ఖానూన్లు వచ్చినప్పుడల్లా పార్లమెంటు కమిటీలు మామూలు మనుషుల అభిప్రాయం రాసి పంపమంటాయి. పంపొచ్చు. 2021 లెక్కల్లో ఈ దేశంలో మనం 8 లక్షల 13 వేల మందికి పైగా ఉన్నాం. మన ఉత్తరాలు అక్కడికి ఎన్ని చేరుతున్నాయి?

అన్నిటికన్నా పెద్ద నష్టం ఫోన్‌లో జరగదు, దిల్‌లో జరుగుతుంది. "ఆ మాట ఫోన్‌లో వద్దు", "గాజా గురించి స్టేటస్ పెట్టకు, వీసాకి ఇబ్బంది", "ఆ పేరు టైప్ చేయకు" అని మనల్ని మనమే కత్తిరించుకుంటూ పోతున్నాం. ఎవరూ చూడకపోయినా చూస్తున్నట్టే బతుకుతున్నాం. మన పిల్లలు అది చూసి నేర్చుకుంటున్నారు. అల్లాహ్ చూస్తున్నాడన్న ఎరుక మనిషిని సీదా నిలబెడుతుంది. ఎవడో చూస్తున్నాడన్న భయం మనిషిని వంచేస్తుంది. రెండూ ఒకటి కావు. ఆ ఫరక్ మన ఇళ్లలో పిల్లలకి చెప్పుకోవాలి. ఇన్షా అల్లాహ్, చెబుదాం.